దేవుణ్ణి నమ్మని స్కూల్ పిల్లలు అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

హన్మకొండలో టెన్త్, ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ ట్యూషన్ చెప్తుంటా. నేను దేవుణ్ణి నమ్మనని పిల్లలకి తెలుసు, నేనేం చాటింపు వేసుకోలే కానీ ఇక్కడ ఎవరి సంగతైనా ఎట్లనో ఒకట్ల తెలిసిపోతది. క్లాస్ అయిపోయి అందరూ సైకిళ్లు తీస్తుంటే ఒకరిద్దరు మాత్రం ఏదో డౌట్ ఉన్నట్టు ఆగి, మిగతావాళ్లు పోయినంక "సార్ ఒకటి అడగాలె" అంటరు. అట్ల అడిగినవి, మెసేజ్ పెట్టి అడిగినవి, కొందరు తల్లిదండ్రులు అడిగినవి అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నా. దేవుడు ఉన్నడా లేడా అన్న చర్చ ఇక్కడ పెట్టట్లే. క్లాసులో నువ్వొక్కదానివే, లేకపోతే నువ్వొక్కడివే నమ్మకపోతే రోజులు ఎట్ల గడపాలె అనేదే ఇక్కడి ముచ్చట.

నేను నమ్మనని అందరికీ చెప్పాల్నా? చెప్పకుండా ఉంటే మోసం చేసినట్టు కాదా?

కాదు. నమ్మకపోవడం నీ సొంత సంగతి. ఎవరికి చెప్పాలె, ఎప్పుడు చెప్పాలె, ఎంతవరకు చెప్పాలె అనేది నువ్వే డిసైడ్ చేసుకోవాలె, మీ సార్ కాదు, దోస్తులు కాదు, నాలాంటోళ్లు అసలే కాదు. కొందరు నాస్తికులే పిల్లల్ని ఎగదోస్తరు, ధైర్యం ఉంటే క్లాసులో లేచి చెప్పు అని, నాకు అది అస్సలు నచ్చదు, తర్వాత పడేది ఆ పిల్లలే కదా. చెప్పే ముందు నువ్వు చూసుకోవాల్సింది నీ ఫీజు ఎవరు కడుతున్నరు, రాత్రి ఎక్కడ పండుకుంటవు, ఈ మాట ఇంటిదాకా పోతే ఏమైతది, అంతే. ముందు గట్టి దోస్తు ఒక్కరికి చెప్పుకో, చాలు.

అబద్ధం ఆడమని మాత్రం అంటలేను. ఎవరైనా మొహం మీద అడిగితే "దాని గురించి నేను మాట్లాడను సార్" అని చెప్పొచ్చు, అందులో అబద్ధం ఏం లేదు.

పొద్దున ప్రార్థనలో దేవుడి పాట పాడిస్తరు. చేతులు జోడించాల్నా, పాడాల్నా?

ఇది ఎక్కువమంది అడిగేది, అందుకే కొంచెం వివరంగా చెప్తా.

మన రాజ్యాంగంలో ఆర్టికల్ 28 అని ఒకటుంది, అది స్కూళ్లు కాలేజీల గురించే. పూర్తిగా సర్కారు పైసలతో నడిచే బడి అయితే, అంటే మీ ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్ లాంటిది, అక్కడ మతబోధన ఉండొద్దని 28(1) చెప్తది. ఇక ప్రైవేటుదైనా ఎయిడెడ్‌దైనా ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి అయితే, అక్కడ జరిగే మతబోధనలో గానీ పూజలో గానీ నువ్వు పాల్గొనాలని బలవంతం చేయొద్దని 28(3) చెప్తది. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది ఇది చూడకుండా ఆర్టికల్ నంబర్ పట్టుకుని హెడ్మాస్టర్ దగ్గరికి పోతరు. 18 ఏళ్లు నిండనోళ్లకి గార్డియన్ ఒప్పుకోవాలె అని ఉంది అందులో. అంటే మీ బాపు "మా పిల్లకి వద్దు" అని రాసిస్తే స్కూల్ బలవంతం చేయలేదు, మీ బాపు "చేయనీయండి సార్" అంటే ఈ ఆర్టికల్ నీకు పెద్దగా పనికిరాదు. అందుకే ముందు ఇంట్లో మాట్లాడుకోవాలె, స్కూల్లో తర్వాత.

అసలు పొద్దున ప్రార్థన మతబోధన కిందికి వస్తదా రాదా అన్నది ఇంకో లొల్లి. కేంద్రీయ విద్యాలయాల్లో పాడించే సంస్కృత ప్రార్థన మీద కేసు పడితే సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్ని పెద్ద బెంచ్‌కి పంపింది. మతాల గురించి పాఠంగా చెప్పడం వేరు, మతబోధన వేరు అని 2002లోనే ఇంకో తీర్పులో చెప్పింది కాబట్టి సోషల్ బుక్కులో బుద్ధుడో క్రీస్తో ప్రవక్తో ఉన్నరని గొడవ పెట్టుకోకు, అది చదువు.

నేనైతే పిల్లలకి చెప్పేది ఇది: లైన్లో నిలబడు, నిటారుగా, చేతులు కిందికి పెట్టుకో, పాడకు, పక్కోణ్ణి చూసి నవ్వకు. తొంభై శాతం స్కూళ్లలో ఎవ్వరూ పట్టించుకోరు. పట్టించుకుంటే "సార్, నేను మర్యాదగనే నిలబడ్డ, పాడటం మాత్రం నాతోని కాదు" అను. ఇట్ల నిలబడటానికి వెనక గట్టి తీర్పు కూడా ఉంది. కేరళలో 1985లో ముగ్గురు పిల్లలు, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్లు, జనగణమన పాడనందుకు బడిలోంచి తీసేసిన్రు. వాళ్లు పాడలేదు గానీ లేచి మర్యాదగా నిలబడేటోళ్లు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని మళ్లీ చేర్చుకోమంది, వాళ్ల అంతఃకరణ స్వేచ్ఛని కాదనొద్దంది. ఆ పిల్లలు గట్టి భక్తులు, మనకి పూర్తి ఉల్టా, అయినా వాళ్లు గెలిచిన ఆ హక్కు మీదనే మనం కూడా నిలబడుతున్నం, ఇది గుర్తుంటే భక్తి ఉన్నోళ్ల మీద కోపం కొంచెం తగ్గుతది.

మన దగ్గర సంగతి కూడా చెప్పాలె. 1938లో నిజాం సర్కారు ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడొద్దంటే విద్యార్థులు పాడిన్రు, తీసేస్తే నాగపూర్ పోయి చదువుకున్నరు, మన వంగర పీవీ నరసింహారావు కూడా అట్ల పోయినోళ్లలో ఒకరు. పాడినందుకు తీసేసినా, పాడనందుకు తీసేసినా పిల్లల నోటి మీద పెత్తనం చేయడమే కదా.

వసంత పంచమికి సరస్వతీ పూజ, టెన్త్ పరీక్షల ముందు పెన్నుల పూజ. పెన్ను ఇవ్వకపోతే చదువు రాదంటరు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా ప్రైవేటు స్కూల్లో పూజకి స్టీలు పళ్లెం తిప్పేటోళ్లు, అందరి పెన్నులు అందులో వేయాలె, పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు నేను చేయి పెట్టలే. పళ్లెం ఆగింది. పసుపు అంటిన రెనాల్డ్స్ పెన్నులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నయి, మా సార్ నా దిక్కు చూస్తుండు, వెనక బెంచి దోస్తు నా జేబులోంచి పెన్ను తీసి వాడే వేసేసిండు, నన్ను కాపాడటానికే. సార్ ఊకోలే, నన్ను వరండాలో నిలబెట్టిండు పూజ అయ్యేదాకా. నాకు ఎక్కువ బాధైంది నిలబెట్టినందుకు కాదు, "వీడికి చదువు అబ్బదు" అని అందరి ముందు అన్నందుకు. ఆ మాట చానా రోజులు పోలే, ఫిజిక్స్ పరీక్ష రాసేటప్పుడు కూడా చెవిల పడ్డట్టే అనిపించేది. అందుకే టీచర్లకి దండం పెట్టి చెప్తున్నా, పూజ చేయించుకుంటే చేయించుకోండి, పిల్లల చదువుకి శాపం పెట్టకండి.

స్టూడెంట్లకి చెప్పేది: పెన్ను ఇవ్వడం ఇవ్వకపోవడం నీ ఇష్టం, ఇస్తే నువ్వేం ఓడిపోలే. హాల్‌టికెట్లు భద్రకాళి గుడికి తీసుకపోయి అమ్మవారి ముందు పెట్టించుకొచ్చే దోస్తులుంటరు, వాళ్లకి అది ధైర్యం, పరీక్ష ముందు ఎవరి ధైర్యాన్నీ తీసేయకు.

మాది మిషనరీ స్కూల్. రోజూ ప్రేయర్, వారానికోసారి బైబిల్ క్లాస్.

ఆర్టికల్ 30 ప్రకారం మైనారిటీలు సొంత విద్యాసంస్థలు పెట్టుకోవచ్చు, అక్కడ వాళ్ల ప్రార్థన ఉంటది, అది తప్పు కాదు. కానీ 28(3) వాళ్లకి కూడా వర్తిస్తది. చాలా మిషనరీ స్కూళ్లలో క్రైస్తవ పిల్లలకి బైబిల్ క్లాస్, మిగతావాళ్లకి మోరల్ సైన్స్ అని ముందునుంచే వేరుగా పెడతరు, కాబట్టి అడిగితే దొరికే అవకాశం ఉంది. అడ్మిషన్ ఫారం మీద మీ ఇంట్లోవాళ్లు దేనికి సంతకం పెట్టిన్రో ఒకసారి చూసుకో.

పాడనందుకు కొట్టిన్రు, క్లాస్ బయట నిలబెట్టిన్రు. ఏం చేయాలె?

2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17, పిల్లల్ని కొట్టొద్దు, మానసికంగా వేధించొద్దు. అందరి ముందు అవమానించడం కూడా వేధింపే. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్లవాళ్లకి. సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేదాకా బడిలోంచి తీసేయకూడదు కూడా.

ముందు ఏం జరిగిందో ఆ రోజే నోట్‌బుక్కులో రాసుకో, తారీఖు, పీరియడు, అన్న మాట అన్నట్టే, ఎవరెవరు చూసిన్రు. వారం అయితే నీకే కలగాపులగం అయితది. తర్వాత ఇంట్లోవాళ్లతో పోయి హెడ్మాస్టర్‌కి కాగితం మీద రాసియ్యి, నోటి మాట వద్దు. అక్కడ తేలకపోతే మండల విద్యాధికారి, ఆపైన డీఈవో. ఇంట్లోవాళ్లకే చెప్పలేని పరిస్థితి అయితే 1098, చైల్డ్ హెల్ప్‌లైన్, దానికి ఫోన్ చేయి, పైసలు పడవు. కాగితంలో "దేవుడు లేడు" అని రాయకు, అక్కడ దానితో పనిలేదు, "నన్ను కొట్టిన్రు" అని రాయి.

మా సైన్స్ సారే గ్రహణం అప్పుడు తినొద్దు, బయట తిరగొద్దు అన్నడు. లేచి కాదనాల్నా?

కాదనకు, అడుగు. "సార్, చంద్రుడు అడ్డమొస్తే నీడ పడతది కదా, ఆ నీడకి అన్నం ఎట్ల పాడైతది?" అని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడుగు. నలభై మంది ముందు సార్ తగ్గాల్సి వస్తే సార్ తగ్గడు, ఎవ్వరూ తగ్గరు, స్టాఫ్ రూంలో ఒక్కణ్ణే అడిగితే చాలామంది సార్లు "మా ఇంట్లో అంటరురా, అట్ల వచ్చేసింది" అని ఒప్పుకుంటరు. గ్రహణం అప్పుడు నిజంగా ప్రమాదం ఒకటుంది, సూర్యుణ్ణి ఉత్త కళ్లతో చూడటం, రెటీనా కాలిపోతది, నొప్పి కూడా తెల్వదు.

2022 అక్టోబర్ 25న సాయంత్రం పాక్షిక సూర్యగ్రహణం పట్టింది, దీపావళి తెల్లారి. గుళ్లు మూసిన్రు, మా గల్లీలో తలుపులు కూడా వేసుకున్నరు. మేం ఐదారుగురం అట్ట ముక్కకి గుండుసూదితో బొక్క పెట్టి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, వెలుగు తెల్ల గోడ మీద పడేటట్టు పట్టుకున్నం. చిన్న వెలుగు చుక్క, గుండ్రంగ ఉండాల్సింది ఒక పక్క కొరికినట్టు కనబడ్డది. వేపచెట్టు ఆకుల సందుల్లోంచి గోడ మీద పడ్డ వెలుగు మచ్చలన్నీ కూడా అట్లనే కొరికినట్టున్నయి, ఎందుకంటే ఆకుల మధ్య ప్రతి సందు ఒక సూదిబొక్కే. తలుపు సందులోంచి చూస్తున్న పక్కింటి నాయనమ్మ "ఏందిరా అది" అని వాకిట్లోకి వచ్చింది, చూసింది, మళ్లీ లోపలికి పోయి గరిక వేసిన కుండ మీద మూత సర్దుకుంది. నమ్మకం ఆమె వదల్లే, గ్రహణం మాత్రం చూసింది. నాకు అది చాలు. ఆర్టికల్ 51ఏ(హెచ్) పౌరుల ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథం పెంచుకోవాలని చెప్తది, 1976లో 42వ సవరణతో వచ్చింది, సార్లకి అది వాదనలో గుచ్చకు, ఇట్ల చేసి చూపించు.

పరిణామ సిద్ధాంతం పాఠం రాగానే "ఇది పరీక్ష కోసమే, నమ్మకండి" అన్నరు.

పాఠం ఉన్నందుకే సంతోషపడు. సీబీఎస్‌ఈ టెన్త్ సైన్స్‌లోంచి ఎన్సీఈఆర్టీ పరిణామం భాగం తీసేసింది, 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా సైంటిస్టులు, టీచర్లు ఇది తప్పని బహిరంగ లేఖ రాసిన్రు. ఇంటర్, ప్లస్ టూ బయాలజీలో ఉంది, నీట్‌కి కూడా కావాలె. సార్ నమ్మొద్దన్నా నువ్వు చదువుకో, అర్థం చేసుకో.

దోస్తులు మేడారం పోయొచ్చి బెల్లం ఇస్తరు. ఇఫ్తార్‌కి పిలుస్తరు. క్రిస్మస్ కేక్ ఇస్తరు. తినొచ్చా?

తిను. ఇంకా అడుగుడేంది.

మేడారంలో నిలువెత్తు బంగారం అని మనిషి బరువంత బెల్లం తూకం వేసి తల్లులకి ఇస్తరు, అందులోంచి నీకు ఒక ముద్ద తెచ్చిండంటే నువ్వు గుర్తున్నవన్నట్టే కదా. సమ్మక్క కథలో కూడా కరువొచ్చి కప్పం కట్టలేమన్న గిరిజనులు కాకతీయ రాజుకి ఎదురు తిరిగిన ముచ్చట ఉంది, ఆమెని దేవతగా మొక్కకపోయినా ఆ ఎదురుతిరగడాన్ని నేను గౌరవిస్తా. బతుకమ్మ కూడా అంతే. తంగేడు, గునుగు తెంపుకొచ్చి పేర్చడం, పద్మాక్షి గుట్ట దగ్గర ఆడటం, దాని కోసం నువ్వు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని లేదు, "దేవుణ్ణి నమ్మవు మరి ఆడుతున్నవేంది" అని ఎవరైనా అంటే "పాటలకి, మా అమ్మలక్కల కోసం" అని చెప్పు. పీర్ల పండుగకి మన ఊళ్లల్లో హిందువులే పీర్లు ఎత్తుకుంటరు, ఇక్కడ ఎవరి పండుగకి ఎవరు పోవాలో ఎప్పుడు గీత గీసిన్రు గనక.

మొక్కమని, బొట్టు పెట్టుకోమని, కల్మా చదవమని బలవంతం పెడితే మాత్రం వద్దను, ఒక్కసారి చెప్పు, మెల్లగా చెప్పు.

మాది ముస్లిం ఇల్లు (లేదా పాస్టర్ గారిల్లు, లేదా ఇంట్లో ఎప్పుడూ మాల వేస్తరు). మా ఇంట్లో తెలిస్తే చంపేస్తరు.

ఇట్ల అడిగేటోళ్లే నన్ను రాత్రి నిద్రపోనియ్యరు. కొందరు మాటవరసకి అంటరు, కొందరు నిజంగా భయపడి అంటరు, నువ్వు ఏదో నీకే తెలుసు. నిజంగా భయం ఉంటే ఇంట్లో చెప్పకు. చదువు అయిపోయి, ఉద్యోగం వచ్చి, నీ కిరాయి నువ్వు కట్టుకునేదాకా చెప్పకు. నమాజుకి లేపితే లే, చర్చికి రమ్మంటే పో, నీ లోపల ఏముందో ఎవడూ తీయలేడు. మనవాళ్లు కొందరు ఇతర మతాల పిల్లల్ని "మీ మతంలో ఇంతే" అని ఏడిపిస్తరు, అది నాస్తికత్వం కాదు, వేరే ద్వేషం, అట్లాంటోళ్లతో తిరగకు. కొట్టడం, గదిలో పెట్టడం, చదువు మాన్పించి పెండ్లి చేస్తమనడం వరకూ వస్తే 1098కి ఫోన్ చేయి, అప్పుడు ఆగకు.

నెలసరి అప్పుడు నన్ను దూరం కూర్చోబెడతరు. ఇది తప్పని అనిపిస్తది.

తప్పే. అమ్మతో గొడవ పడితే అమ్మ కూడా అమ్మమ్మతో ఇరుక్కుంటది, ఇద్దరూ ఒక దిక్కు ఉండేటట్టు చూసుకో. మొదట పరీక్షల టైం అని చెప్పి పుస్తకాలు, మంచం సాధించుకో.

దేవుడు లేడంటే మా అమ్మ ఏడుస్తుంది, "అన్నల్లో కలుస్తవా" అంటుంది.

వరంగల్‌లో ఈ భయానికి కారణం ఉంది. 1970ల చివర్నుంచి ఇక్కడి కాలేజీల్లోంచి, ఆర్‌ఈసీ (ఇప్పటి ఎన్‌ఐటీ) నుంచి, కాకతీయ యూనివర్సిటీ నుంచి మస్తుమంది పిల్లలు నక్సలైట్ ఉద్యమాల్లోకి పోయిన్రు, ఎంతోమంది తిరిగిరాలే. మీ అమ్మకి తెలిసిన కొడుకులెవరో ఉండొచ్చు అందులో. అప్పుడు మొదట వదిలింది దేవుణ్ణే అని ఆమెకి గుర్తుంటది. ఆమె ఏడ్చేది దేవుడి కోసం కాదు, నీ కోసం. అందుకని ఆ రోజు వాదన పెట్టుకోకు. నమ్మకపోవడం అన్నది ఏ పార్టీ సొత్తూ కాదని ఆమెకి నిదానంగా తెలియాలె. రామాయణంలోనే జాబాలి రాముడితో పరలోకం లేదు, ఏం లేదు, వచ్చి రాజ్యం ఏలుకో అని వాదిస్తడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా బాటనీ లెక్చరర్, నాస్తికుడైనందుకు కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నడు, అయినా సేవాగ్రాం పోయి గాంధీతో కూర్చుని మాట్లాడిండు, అంటరానితనం పోవాలని పనిచేసిండు. మీ అమ్మకి నీ మార్కులు కనబడాలె, అన్నం టైంకి నువ్వు కనబడాలె, అప్పుడు భయం తగ్గుతది.

వాట్సాప్ స్టేటస్‌లో దేవుళ్ల మీద మీమ్ పెట్టొచ్చా?

పెట్టకు. ఒక మతంవాళ్ల మనోభావాలు కావాలని, దురుద్దేశంతో గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 299, మూడేళ్ల దాకా జైలు, పాత ఐపీసీలో అది 295ఏ. నీ ఉద్దేశం అది కాదని కోర్టులో తేలేసరికి నీ ఇంటర్ అయిపోతది. స్క్రీన్‌షాట్ అయితే క్షణంలో ఊరంతా తిరుగుతది. ఇంకో సంగతి, చట్టం లేకపోయినా నేను వద్దనే అంటా, నీ క్లాసులో ఒక పిల్ల వాళ్ల నాన్న ఆపరేషన్ కోసం ఆ దేవుడికే మొక్కుకుని ఉంటది.

టీసీలో కులం, మతం లేదు అని రాయించుకోవాలనుంది.

2023లో తెలంగాణ హైకోర్టు జనన నమోదులో "మతం లేదు, కులం లేదు" అని రాసుకునే వీలు ఉండాలని చెప్పింది, కాబట్టి ఇది ఊరికే కల కాదు. 2011 జనాభా లెక్కల్లో కూడా మతం చెప్పనోళ్లు దేశం మొత్తంలో 28 లక్షలకి పైగా ఉన్నరు. కానీ ఆగు, ముందు ఇది చదువు. ఎస్సీ హోదా 1950 ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్లకే ఉంటది, బీసీ-సీ, బీసీ-ఈ గ్రూపులు కూడా మతంతో ముడిపడి ఉన్నయి. కాగితం మీద మార్చితే స్కాలర్‌షిప్, గురుకులం సీటు, ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అన్నీ చిక్కుల్లో పడొచ్చు. మనసులో నమ్మనంత మాత్రాన సర్టిఫికెట్ పోదు. రిజర్వేషన్ నీ తాతలు పడ్డ అవమానానికి వచ్చింది, భక్తికి వచ్చింది కాదు, దాన్ని వదులుకుంటేనే నిజమైన నాస్తికుడివని ఎవడైనా అంటే వాడి మాట వినకు.

నేను టీచర్ని. నా క్లాసులో ఇట్లాంటి పిల్ల ఉందని అనుమానం. ఏం చేయాలె?

అడిగినందుకే మీకు దండం మేడం. "దేవుణ్ణి నమ్మనోళ్లు చేతులెత్తండి" అని మాత్రం ఎప్పుడూ అనకండి, సరదాకైనా. పూజ పని పంచేటప్పుడు పూలు, కొబ్బరికాయలు అందరికీ కాకుండా ఇష్టమున్నోళ్లకి ఇవ్వండి, మిగతావాళ్లకి కుర్చీలు వేయడం, మైకు చూసుకోవడం లాంటివి ఇవ్వండి, అప్పుడు ఎవరు ఎందుకు తప్పుకున్నరో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల ఎప్పుడన్నా తనంతట తాను వచ్చి చెప్తే వాళ్లింటికి ఫోన్ చేయకండి, ఇంట్లో చెప్పొచ్చా అని ముందు ఆమెనే అడగండి.